సబ్బుల మంచం

ఖాళీ అర ఎక్కడ కనిపించినా, దానిమీద తన సబ్బులు ఆరుతున్నట్టే కలగంటుంది జమ్మలమడుగు మహేశ్వరి. ఇంట్లో పోసిన సబ్బు గట్టిపడాలంటే వారాల తరబడి కిందా మీదా గాలాడాలి. ప్రొద్దుటూరు అంగళ్లలో ఇనుప ర్యాకులు తుప్పు పడతాయని, ప్లాస్టిక్ ట్రేలు చెమ్మ పడతాయని వదిలేసి వచ్చింది. చివరికి చనిపోయిన అత్త నులకమంచం దించి పంచలో వాల్చింది. ఆమె పోయినప్పటి నుంచి మొగుడు రామాంజులు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఎవరినీ ముట్టనివ్వలేదు. తెల్లటి బిళ్లల సందుల్లో గాలి కదులుతుంటే మంచం ఊపిరి తీస్తున్నట్టుంది ఆమెకు. సాయంత్రం వచ్చిన రామాంజులు గడపలోనే ఆగిపోయాడు.

“యాడా గాలి తగలక ఈడ పెట్టినా,” అంది మహేశ్వరి భయంగా.

“వీటిని తిప్పాల్నా?”

“దినామూ తిప్పాల. లేకుంటే అడుగు చెమ్మ పడతాది.”

అతను మంచం పక్కన కూర్చున్నాడు. కదల్లేని అమ్మను ఇదే మంచంలో పక్కకు తిప్పి పడుకోబెట్టినంత మెల్లగా, ఒక్కో బిళ్లనూ తిప్పాడు.