జంటరాళ్ళ సందులో సూర్యుడు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే మేడమ్ అనేవారు. ఇరవై రెండేళ్ళు జనం ఎముకలకు ఫొటోలు తీసీ తీసీ విసుగెత్తి, నలభై ఆరో ఏట ఒక పాత డిజిటల్ కెమెరా కొనుక్కుంది. ఆదివారం వస్తే చాలు, ఊరి చుట్టూ ఉన్న కొండల్లో ఏదో ఒకటి ఎక్కేది. "మోకాళ్ళు అరిగాక నీ ఎక్స్‌రే నువ్వే తీసుకుందువు గాని," అని భర్త ఎగతాళి చేసేవాడు. దర్జీ ఆయన. ఎగతాళి చేస్తూనే, కెమెరా సంచీకి లోపల మెత్తటి గుడ్డ కుట్టిపెట్టాడు.

ఊళ్ళో కొండల ఫొటోలు తీసేవాళ్ళకు ఒక క్లబ్బు ఉంది. కెమెరాల కొట్టు యజమాని దానికి అధ్యక్షుడు, అందరికీ గురువుగారు. ఆమె తన ఫొటో ఒకటి పెద్దది చేయించడానికి ఆయన దగ్గరికే తీసుకెళ్ళింది. కొండ కొమ్మున జంటరాళ్ళనే రెండు రాళ్ళు, వాటి సందులో ఇరుక్కున్నట్టు ఎర్రటి సూర్యుడు. దానికోసం ఆరు ఆదివారాలు అదే కొండెక్కింది.

క్లబ్బు వేసిన కొత్త సంవత్సరం క్యాలెండరు ఆసుపత్రి గోడ మీద చూసి ఆమె ఆగిపోయింది. తన ఫొటో. పైన 'తొలి కిరణం' అని అచ్చు. కింద గురువుగారి పేరు.

తిన్నగా కొట్టుకు వెళ్ళి నిలదీసింది.

"కొండ ఎవరిదీ కాదమ్మా, సూర్యుడూ ఎవరిదీ కాదు," అన్నాడాయన లెన్సు తుడుస్తూ, తలెత్తకుండా. "అలాంటి ఫొటో నేనూ తీశాను. మీరింకా నేర్చుకుంటున్నారు, అప్పుడే పేరెందుకు?"

కొట్టులో ఉన్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆమె మొహం కందగడ్డైంది.

"పోనీ వదిలెయ్," అన్నాడు ఇంట్లో సంగతంతా విన్న భర్త.

"వదలను. మెల్లగా చెప్తాను ఆయన పని."

ఒక్క సంగతి గురువుగారికి తెలియదు. అది తొలి కిరణం కాదు, పొద్దు గుంకేటప్పుడు తీసిన ఫొటో. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పైగా నెలనెలా క్లబ్బు సమావేశంలో ముందు వరుసలో కూర్చుని వినయంగా అడిగేది: "ఆ రోజు ఎన్నింటికి ఎక్కారు సార్? చలి బాగా ఉందా?" ఆయన ఉబ్బిపోయి చెప్పేవాడు. మొదట నాలుగింటికి ఎక్కానన్నాడు. తర్వాత మంచు కురిసిందన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి ఒక నక్క కూడా ఎదురొచ్చింది. ఆమె తలూపుతూ వినేది. ఇంటికొచ్చి నోట్‌బుక్కులో తేదీ వేసి అన్నీ రాసుకునేది. కోపం చల్లారనివ్వకుండా దాన్ని పెంచుకుంది.

పదో నెలలో లేచి నిలబడింది. "సార్, ఈసారి అందర్నీ జంటరాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. సరిగ్గా మీరు నిలబడ్డ చోటే నిలబడి తొలి కిరణం తీసుకుంటాం."

చప్పట్లు మోగాయి. గురువుగారు ఛాతీ విరుచుకున్నాడు.

తెల్లవారకముందే పద్నాలుగు మంది టార్చిలైట్లతో కొండెక్కారు. గురువుగారు క్యాలెండరు చూసుకుంటూ రాళ్ళకు ఎదురుగా చోటు చూపించాడు. స్టాండ్లు వరసగా నిలబెట్టి, కెమెరాలన్నీ రాళ్ళ సందుకు గురిపెట్టారు. ఆకాశం తెల్లబడింది. వాళ్ళ వీపులు వెచ్చబడ్డాయి.

క్లబ్బులో ఉన్న భూగోళం టీచరు వెనక్కి తిరిగి చూసింది. "సూర్యుడు మన వెనకాల వచ్చాడేంటి సార్?"

"కాలాన్ని బట్టి... కాస్త అటూ ఇటూ జరుగుతాడమ్మా."

"ఎంత జరిగినా పడమట పొడవడు కదండీ!"

ఎవరో నవ్వారు. మరుక్షణం అందరూ నవ్వారు. ఎక్స్‌రే మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడటం కళ్ళారా చూస్తూ నిలబడింది. అప్పుడు కెమెరా తీసి క్యాలెండరు ఫొటో తీసిన సాయంత్రం నాటి ఇరవై మూడు ఫొటోలూ ఒక్కొక్కటీ చూపించింది. ప్రతిదాని మీదా తేదీ, సమయం ఉన్నాయి. తర్వాత నోట్‌బుక్కు తెరిచి నక్క దాకా చదివింది.

గురువుగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తప్పైందమ్మా. కిందికెళ్ళాక మాట్లాడుకుందాం."

"గట్టిగా చెప్పండి సార్. వెనకవాళ్ళకి వినపడలేదు."

ఆయన చెప్పాడు. రెండోసారి చెప్పమంది. రెండోసారీ చెప్పాడు. భూగోళం టీచరు ఆమె చెయ్యి పట్టుకుని "చాలు లెండి" అంది.

ఆ వారమే ఆయన అధ్యక్ష పదవి వదులుకున్నాడు. క్యాలెండరు మళ్ళీ అచ్చువేశారు, ఆమె పేరుతో. క్లబ్బువాళ్ళు అధ్యక్షురాలిగా ఉండమన్నారు. ఆ రోజు కొట్టులో నవ్విన ఇద్దరూ అడగడానికి వచ్చినవాళ్ళలో ఉండటం చూసి, వాళ్ళ మొహాన తలుపేసింది.

"ఇప్పుడైనా కడుపు చల్లబడిందా?" అన్నాడు భర్త.

మర్నాడే ఆమె ఆసుపత్రికి దగ్గరి దారి మానేసి, చుట్టూ తిరిగి ఆయన కొట్టు ముందు నుంచే వెళ్ళడం మొదలుపెట్టింది. రోజూ ఒక్క క్షణం ఆగి లోపలికి చూస్తుంది. ఆయన తల దించుకున్నాకే కదులుతుంది.