కరకరలాడిన వెర్మెంటీనో

మా ఆయన ఆన్‌లైన్‌లో వైన్ కోర్సులో చేరిన వేసవిలో, అమెరికాలో, ట్రాయ్‌లోని మా ఇంట్లో మామూలుగా నీళ్లు తాగడం కూడా కష్టమైపోయింది. మంచినీళ్ల గ్లాసును గుండ్రంగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకునేవారు. ఒకసారి మజ్జిగ తిప్పితే అది చొక్కా మీద ఒలికింది.

కోర్సు అయ్యాక ఆయన ఆఫీసు స్నేహితుణ్ణి భోజనానికి పిలిచారు. ఆ స్నేహితుడి నాయనమ్మది ఇటలీలోని లిగూరియా తీరం. అందుకని అక్కడ పండే తెల్లవైన్, వెర్మెంటీనో, ఒక సీసా వెతికి పట్టుకొచ్చారు. నేను పక్కింటి ఆంటీని కూడా రమ్మన్నాను. ఆవిడది బాపట్ల. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడతారు. వైన్ ముట్టరు గానీ, చేపలు వేయిస్తే వీధి చివరి వాళ్లు కూడా తలుపు తీసి చూస్తారు.

ఆవిడ చేపల గిన్నెతో వచ్చి సీసా వంక చూశారు.

“ఏంటి బాబూ అది?”

“వైన్ ఆంటీ. చాలా క్రిస్ప్‌గా ఉంటుంది.”

“అంటే? జంతికలా కరకరలాడుద్దా?”

“అలా కాదాంటీ! పుల్లగా, నోరు కడిగినట్టు ఉంటుంది.”

“నిమ్మకాయ నీళ్లన్న మాట.”

“ఇందులో సముద్రం ఉంటుందాంటీ. కొండవాలులో రాళ్ల గోడలు కట్టి, మెట్లు మెట్లుగా తోటలు వేస్తారు. కింద నుంచి ఉప్పుగాలి కొడుతుంటుంది.”

“అయితే ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు,” అని ఆవిడ తేల్చేశారు.

మా ఆయన నొచ్చుకున్నారు. త్వరగా చల్లబడాలని సీసాను ఫ్రీజర్‌లో పెట్టి, స్నేహితుడు రాగానే కబుర్లలో పడి మర్చిపోయారు. గుర్తొచ్చి తీసేసరికి బిరడా సగం పైకి పొడుచుకొచ్చి ఉంది. దాన్ని పీకి సీసా వంచితే చుక్క రాలేదు. అడుగున ఒక్కటి కొడితే, మంచుముద్ద ఒకటి డుబుక్కున గ్లాసులో పడింది.

స్నేహితుడు కొరికాడు. కరకరమంది.

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మా ఆయన మాత్రం ఆ ముద్దను కూడా గ్లాసులో తిప్పారు. అది గంటలా టంగుమంది. “మినరల్ నోట్స్, అదే, రాళ్ల రుచి బాగా వస్తోంది,” అన్నారు గంభీరంగా. అంతే, అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా కాసేపు బిగపట్టి, చివరికి నవ్వేశారు.

చెంచాలు తెచ్చాను. “తింటే తాగినట్టు కాదేమో కదమ్మా?” అని ఆంటీ ఒక చెంచా అందుకుని, అంతలోనే కింద పెట్టేశారు. “వద్దులే. ఆదివారం పాట మధ్యలో నవ్వొచ్చిద్ది.”

ముద్ద మెల్లగా కరిగింది. స్నేహితుడు ఒక గుటక వేసి, చేపముక్క తిని, మళ్లీ గుటక వేశాడు. పులుపు, ఉప్పదనం, చివర్లో బాదంపప్పు పొట్టులాంటి చేదు. వాళ్ల నాయనమ్మ చిన్న చేపల్ని తలతో సహా వేయించేదని ఇంగ్లిష్‌లో చెప్పాడు. “సేమ్ సేమ్! మేమూ తల పారెయ్యం!” అని ఆంటీ కుర్చీ అతని పక్కకి జరుపుకున్నారు. ఆ తర్వాత మేమిద్దరం అక్కడున్నామన్న సంగతే వాళ్లకి గుర్తు లేదు.

వెళ్లేటప్పుడు అతను మిగిలిన చేపలన్నీ డబ్బాలో పెట్టించుకున్నాడు. వైన్ గురించి ఒక మంచి మాట అంటాడేమోనని మా ఆయన కారు దాకా వెంట నడిచారు. అతను అద్దం దించి, చేపల మసాలాలో ఏమేం వేస్తారని అడిగాడు.