గోనెలో సిలిండరు

మా చిన్న ట్రాక్టరు వెనుక గోతులు తవ్వే ఇనప చెయ్యి ఎత్తిన చోట నిలవకుండా కిందికి దిగిపోతోంది. తప్పు దాన్ని ఎత్తే ఆయిల్ సిలిండరుదేనని తేల్చేసుకుని, దాన్ని విప్పి మామిడికాయల గోనెలో పెట్టుకుని రిపేరుకని నూజివీడులో బస్సెక్కాను.

పక్క సీటాయన గోనెలోకి తొంగిచూశాడు.

“ఆయిల్ పైపులు తీసి, ఈ కన్నాలకు బిరడాలు బిగించి చూశారా అండీ? అప్పుడూ చెయ్యి దిగితేనే దీని తప్పు. లేకపోతే ఆయిల్‌ను ఆపే వాల్వుది.”

ఏ షాపు బ్రోకరోనని గోనె దగ్గరికి లాక్కున్నాను. “మీ షాపెక్కడండీ?”

“షాపేంటండీ! ఇలాంటి బండే తోలేవాణ్ణి,” అంటూ తన టిఫిన్ కవరు చింపి, దుమ్ము లోపలికి పోకుండా ఆ కన్నాలకు రబ్బరు బ్యాండ్లతో కట్టాడు.

ఆగిరిపల్లిలో ఆయన దిగగానే, ఏమైనా కొట్టేశాడేమోనని గోనె అంతా తడిమాను.

సిలిండరు లోపల ఆయిల్ ఆపే కొత్త రబ్బరు సీళ్లు వేయించి తెచ్చి బిగించాను. చెయ్యి మళ్లీ దిగింది.

మర్నాడు వాల్వు విప్పి, దాని కన్నాలకు ఆ కవరు ముక్కలే కట్టుకుని అదే బస్సెక్కాను.