లక్సెట్టిపేట తడి గోడలు చూసి వచ్చాను

“నేను చూసే వచ్చిన కదనే అవ్వా. మళ్ల నువ్వు పోవుడెందుకు?”

“నువ్వు చూసింది మీ చిన్నమ్మ వండిన కోడికూర. ఇల్లు చూడలే.”

“అక్కడ పోగు తెగుతలేదు. మన మగ్గం మీద పొద్దందాక ముడులేసుడే అయితున్నది.”

“చెయ్యి నెమ్మదిగ ఆడిస్తె ఎక్కడైన తెగదు.”

“అయితె నువ్వే కూసోని నేసి చూపియ్యి.”

ఆ మాట అన్నందుకు ఆ పూట నా కొడుకు మల్లేశానికి నేను వడ్డించలేదు, కోడలు వడ్డించింది.

మాది జమ్మికుంట పక్క ఊరు, నేత ఇల్లు. నేను చిన్నమ్మ అన్నది నా తోడికోడలు రాజవ్వను. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పెద్దదాన్ని కనుక ముందు కోరుకునే హక్కు నాది. ఎత్తు అరుగుల ఇల్లు, నాలుగు దిక్కుల గాలి, పొద్దున్నే ఎండ తగిలే అర్ర నేను తీసుకున్నాను. రాజవ్వ మొగుణ్ణి వెంటబెట్టుకొని గోదావరి వైపు లక్సెట్టిపేటకు పోయింది. ఇప్పుడు చీరలు కొనే కరీంనగర్ సేటు మా ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకొని, ముందు ఆమెవే విప్పుతాడు. ఆమె పక్కిల్లు ఖాళీ అయిందని, మగ్గం అక్కడికి మార్చుదామని మల్లేశం పట్టు. ఇక్కడి ఇల్లు నా పేర ఉంది. నేను ఊ అంటేనే ఏదైనా కదులుతుంది. ఎండలు ముదరకముందే తేల్చాలి.

పొద్దుటి ప్యాసింజరుకు జమ్మికుంటలో ఎక్కాను. రొట్టెలు, ఉల్లిగడ్డ మూట కట్టుకున్నాను, చెంబుతో నీళ్లు తెచ్చుకున్నాను. ఈ బండికి పోయేవాళ్లు అలాగే చేయండి, స్టేషన్లలో కొనుక్కుంటే చేతిది నీళ్ల పాలే. డబ్బా నిండా పత్తి అమ్ముకొని పోయేవాళ్లు, వాళ్ల తలల మీదంతా దూది. పెద్దపల్లిలో వాళ్లలో సగం మంది దిగారు, బియ్యం మూటలు ఎక్కాయి. నా పక్కన బెల్లంపల్లి బొగ్గు బాయిల్లో పనిచేసే మనిషి కూర్చున్నాడు.

“గా బొగ్గు పొగల ఎట్ల ఉంటరు బిడ్డా?” అని అడిగాను.

“పొగ లేని కాడ జీతం లేదు అవ్వా. మా ఊర్ల గాలి మంచిగుంటది, తినేటందుకు ఏముండది,” అన్నాడు.

గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి పైసలు వేశారు. అణాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్త, చిన్నవి కదా అని ఇంకా ధారాళంగా వేశారు. నేను దండం పెట్టాను. దండం కూడా నదికే చేరుతుంది.

మంచిర్యాలలో దిగి బస్సు నిండేదాకా కూర్చొని, ఎండ నెత్తికెక్కాక లక్సెట్టిపేట చేరాను.

రాజవ్వ ఇంట్లోకి మెట్లు ఎక్కరు, దిగుతారు. వెనక వరి పొలాల కాలువ. గోడల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. అది చూడగానే నా మనసు కుదుటపడింది. ఈ కొంపకోసమా నా కొడుకు తపిస్తున్నది అనుకున్నాను.

ఆ మాట మీద ఎంతోసేపు నిలవలేకపోయాను. రాజవ్వ నాకు పీట వేసి, తాను నేల చెమ్మ ఊరే గుంటలో కాళ్లు పెట్టుకొని మగ్గం మీద కూర్చుంది. మాటలు ఆమెతో, చెవి పోగును అటూ ఇటూ మోసే నాడె మీద. మా ఇంట్లో నాడె కాసేపు ఆడి ఆగుతుంది. మల్లేశం వంగి ముడి వేస్తాడు, మళ్లీ ఆడుతుంది. ఇక్కడ అటూ ఇటూ పోతూనే ఉంది. ఒక్క పోగైనా తెగాలని ఎదురుచూశాను. తెగలేదు.

“గీ తడిల కీళ్లు గుంజుతలేవా?”

“గుంజుతయి అక్కా. పొద్దుగాల పొయ్యి కాడ కాపుకుంట.”

“దోమలు?”

“ఉంటయి. యాపాకు పొగ పెడత.”

“చెదలు?”

“వంకలు వెతికేటందుకే రైలెక్కినవా ఏంది? గోడను పిసుకుడు ఆపి గుడ్డను పట్టుకొని చూడు.”

పట్టుకొని చూశాను. ఎక్కడా ముడి చేతికి తగల్లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె పప్పు బాగా వండింది. బాగుందని చెప్పలేదు.

పక్కింటి తాళం ఆమె దగ్గరే ఉంది. తెరిచి చూపించింది. గోడ మీద అరచెయ్యి పెడితే రాజవ్వ ఇంటికన్నా చల్లగా తగిలింది. ముందు వాడ సూటిగా ఉంది, నిలువు పోగుల పడుగు చాపుకోవడానికి ఈ కొస నుంచి ఆ కొసకు వేపల నీడ. మగ్గం పెట్టుకోవాలనుకునే వాళ్లు ఇంటి అరుగులు కాదు, ఈ రెండూ చూడాలి.

“పంపకాలప్పుడు ఎండ తగిలే అర్ర కావాల్నంటివి. మాకు నీడ మిగిలె. ఇప్పుడు నీడ పక్కకు వస్తనంటున్నవు,” అంది రాజవ్వ తలుపు వేస్తూ.

“వస్తనన్ననా? చూస్తున్న.”

“చూడు, చూడు. పెద్దదానివి, తొందరేముంది,” అని నవ్వింది.

ఆ నవ్వు నాకు ఒంట్లో ముల్లులా దిగింది.

మర్నాడు తిరుగు బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. వంతెన దాటి వరి చేలు వెనకపడ్డాక వేడిగాలి మొహానికి కొట్టింది. పక్కనున్న పెద్దపల్లి ఆమె “మంచి గాలి” అంది. మనిషికి మంచి గాలే. బట్టలు ఆరుతాయి, ఒళ్లు ఆరుతుంది, పడుగూ ఆరుతుంది. ఆరిన పోగే తెగుతుంది. మనిషి సుఖపడే ఇల్లు వేరు, పోగు బతికే ఇల్లు వేరు. రాజవ్వకు రెండోది దొరికింది. ఆమె వెతికి పట్టుకుందో, తడుముకుంటూ పోయి పడిందో నేనడగలేదు. దీపాల వేళకు ఇల్లు చేరాను. కాళ్లు కడుక్కొని పడుకున్నాను.

మరునాడు పొద్దున మల్లేశం నన్నేమీ అడగకుండా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్నాడు. చీర కొంగు దాకా వచ్చింది. కాసేపు నాడె ఆడగానే పోగు తెగింది. వంగి ముడి వేశాడు.

“ఆ చీర కానియ్యి. అయినంక కొత్త పడుగు ఎక్కియ్యకు,” అన్నాను.

తలెత్తి చూశాడు. “పోదామా?”

“ముందుగాల నువ్వు పోయి గుంట తవ్వు. మీ చిన్నమ్మ గుంటకన్న జానెడు ఎక్కువ లోతు ఉండాలె.”

“అంత లోతెందుకవ్వా?”

“ఉండాలె అన్న.”

కోడలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మల్లేశం చీర ముగించి, గడ్డపార భుజాన వేసుకొని స్టేషనుకు పోయాడు.