సొంత గుమ్మం ముందు అరవై సెకన్లు

పొద్దున ఆరూ యాభై రెండుకి లొరేన్ తిబడో తన ఇంటి ముందు తానే బస్సు ఆపుతుంది. ఎర్ర దీపాలు వెలిగిస్తుంది. ‘ఆగండి’ అని రాసి ఉన్న రేకు పలకని పక్కకి చాపుతుంది. తలుపు తెరుస్తుంది. నిబంధన ప్రకారం ఒకే ఒక్కసారి హారన్ కొడుతుంది. ఆ తర్వాత అరవై సెకన్లు తన పిల్లల కోసం ఎదురుచూస్తుంది. వాళ్ళు రారని ఆమెకి తెలుసు. ఇంకా చీకటి ఉండగానే వాళ్ళకి దుప్పటి కప్పి వచ్చింది తనే కదా.

వెనక సీట్లలోంచి పిల్లలు గొంతు కలిపి లెక్క పెడతారు. “ముప్ఫై ఎనిమిది... ముప్ఫై తొమ్మిది...” ఈ గానకచేరీకి పెద్ద టిల్లీ. ఎనిమిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ లేవు.

“మిస్ లొరేన్, మీ వాళ్ళు ఇవాళ కూడా ఎగ్గొట్టారా?”

“ఎగ్గొట్టలేదు తల్లీ. కాళ్ళు ఎగ్గొట్టాయి.”

“మా కుక్కకీ లైమ్ వచ్చింది. వారంలో తగ్గిపోయింది.”

“మీ కుక్క అదృష్టవంతురాలు. దానికి టీకా కూడా ఉందిట.”

ఆ మాట నిజమే. పిడుదు కుడితే వచ్చే ఆ లైమ్ రోగానికి కుక్కలకి టీకా ఉంది, పిల్లలకి లేదు. ఈ ముక్క మీద ఒక్కరోజైనా రోడ్డెక్కాల్సిన ఊరు, కుక్కల్ని మాత్రం వరసపెట్టి వైద్యుడి దగ్గరికి తీసుకెళుతోంది.

అరవై అయిపోగానే తలుపు మూసి, రేకు పలక ముడిచి, లాగ్ పుస్తకంలో రాస్తుంది: విద్యార్థులు ఇద్దరు, ఎక్కలేదు. పక్కన సంతకం. మేన్ రాష్ట్రంలో ఏటి ఒడ్డునున్న ఆ చిన్న ఊరి బడికి ముప్ఫై నలుగురు పిల్లల్ని మంచులోనూ బురదలోనూ ఒక్క నిమిషం ఆలస్యం కాకుండా చేరవేసే మనిషి లొరేన్. ఆ బడి లెక్కలో పిల్లల్ని సరిగ్గా బడికి పంపని తల్లి కూడా లొరేనే.

రెండేళ్ళ కిందట ఆగస్టులో పిల్లలిద్దరూ బ్లూబెర్రీలు ఏరడానికి వెళ్ళి వచ్చారు. జోసీకి అప్పుడు పదకొండు, ఎమెరీకి ఎనిమిది. జోసీ మోకాలి వెనక గసగసాల గింజంత పిడుదు దొరికింది. ఎమెరీకి ఎక్కడా దొరకలేదు. దొరకనిదే ఎక్కువ పని చేసింది. మూడు వారాలు మాత్రలు మింగారు. పరీక్ష చేసిన డాక్టరు ‘అయిపోయింది, ఇక ఆడుకోండి’ అన్నాడు. కానీ నొప్పులు పోలేదు. ఒకరోజు మోకాలు, ఒకరోజు తల. ఇంకోరోజు ఏ నొప్పీ ఉండదు గాని, ఎమెరీకి ఏడో ఎక్కం గుర్తుండదు. డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు మాత్రం ఇద్దరి బుగ్గలూ ఆపిల్ పళ్ళలా మెరిసేవి. రెండో డాక్టరు పిల్లల్ని వదిలేసి లొరేన్ వైపు తిరిగి, “ఇంట్లో ఏమైనా గొడవలా?” అని అడిగాడు. “ఇప్పటిదాకా లేవు,” అంది లొరేన్. మూడు గంటలు కారు నడిపితే వచ్చే మూడో డాక్టరు నమ్మాడు, ఉత్తరాలూ రాసిచ్చాడు. బడి ఒప్పుకున్న డాక్టర్ల జాబితాలో ఆయన పేరు లేదు కాబట్టి ఆ ఉత్తరాలు చెల్లవన్నారు.

మాత్రలు అయిపోయాక కూడా పోని ఆ నొప్పులకి లైమ్ అన్న పేరు పెట్టొచ్చా, కూడదా అని పెద్ద పెద్ద డాక్టర్లు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. ఒక పిల్లవాడు తన ఇంటి ఎనిమిది మెట్లు దిగలేకపోతున్నాడన్న దాని మీద వాదన అక్కర్లేదు, వచ్చి చూస్తే చాలు. ఆ వచ్చి చూసేవాళ్ళే లేరు.

బడివారి సెలవు కాగితంలో పదకొండు గళ్ళున్నాయి. జలుబుకి ఒకటి, విరిగిన ఎముకకి ఒకటి, చావుకి ఒకటి. జింకల వేట మొదలయ్యే రోజుకి కూడా ఒక గడి ఉంది. తండ్రితో తుపాకీ పట్టుకుని అడవికి వెళితే సెలవు. ఆ జింక మోసుకొచ్చే పిడుదు కుట్టి మంచాన పడితే మాత్రం గడి లేదు.

ఇంటి ముందు స్టాపు తీసెయ్యమని లొరేన్ ఒకసారి బస్సుల పెద్ద జెరార్డ్ ప్లూర్డ్‌ని అడిగింది. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఆ షెడ్డులో అదే కుర్చీలో ఉన్నాడు.

“కిటికీలో నా పిల్లల మొహాలు చూస్తూ హారన్ కొట్టలేకపోతున్నా జెరార్డ్.”

“స్టాపు తియ్యాలంటే మూడే కారణాలు అమ్మాయ్. ఊరు మారాలి, బడి మారాలి, లేదంటే...”

“లేదంటే?”

“మూడోది నేను చదవను. నువ్వు హారన్ కొట్టు.” ఆగి మళ్ళీ అన్నాడు: “ఇంకో మాట. పిల్లలు ఎక్కనప్పుడు రిమార్కుల గడి ఖాళీగా వదలకు. ఖాళీ కనిపిస్తే పైవాళ్ళు నా పీక పట్టుకుంటారు. ఏదో ఒకటి రాయి.”

“ఏం రాయను?”

“నీ ఇష్టం. ఎవడు చదువుతాడు గనక!”

ఆ రోజు నుంచి ఆ అరవై సెకన్లకి ఒక పని దొరికింది. నొప్పుల లెక్క రోజూ రాసిపెట్టమని మూడో డాక్టరు చెప్పి ఉన్నాడు. లొరేన్ అయిదున్నరకే ఇల్లు వదిలేస్తుంది, అప్పటికి పిల్లలు లేవరు. మొగుడు దుంగల లారీ మీద వెళితే ఆదివారానికి గాని రాడు. ఇంట్లో ఉండేది అత్తగారు. పిల్లలు ఆవిణ్ణి మెమే అంటారు, ఫ్రెంచిలో నాయనమ్మ అని. ఆవిడ ఇంకా ఫ్రెంచిలోనే తిడుతుంది. హారన్ వినగానే మెమే పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టడం, వాళ్ళు నొప్పిని బట్టి ఒకటి నుంచి పదిదాకా వేళ్ళు చూపించడం, నొప్పి ఎక్కడో అక్కడ చెయ్యి పెట్టడం, లొరేన్ అద్దంలోంచి చూసి రాసెయ్యడం అలవాటైంది.

మార్చిలో మంచు కరిగి రోడ్లన్నీ జావగా ఉన్న రోజుల్లో ఉత్తరం వచ్చింది. బడి నుంచి ఇళ్ళకి వెళ్ళే ఉత్తరాలు బస్సు డ్రైవరు చేతికే ఇస్తారు. లొరేన్ తన పేరున్న కవరు తన ఇంటి దగ్గర తానే దించి, రశీదు పుస్తకంలో రాసింది. ఇచ్చినవారు: లొరేన్ తిబడో. పుచ్చుకున్నవారు: లొరేన్ తిబడో. అప్పుడు చింపి చదివింది. పిల్లలు నలభై ఒక్క రోజులు కారణం లేకుండా బడికి రాలేదు. మంగళవారం పదింటికి విచారణ. సంతృప్తికరమైన జవాబు లేకపోతే వ్యవహారం పిల్లల సంరక్షణ శాఖకి వెళుతుంది.

ఆ శాఖ వాళ్ళు గుమ్మం ఎక్కితే ఏమవుతుందో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. చెత్తబుట్టలో ఏముందో చూస్తారు, పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు, కొన్నాళ్ళు ఇంకెవరింట్లోనో ఉంచుతామంటారు. అన్నీ ఉన్నవాళ్ళ గుమ్మం ఎక్కరు. ఎక్కేది లారీవాళ్ళ, బస్సువాళ్ళ గుమ్మాలే.

“నువ్వు మమ్మల్ని సరిగ్గా చూసుకోవట్లేదని తీసుకెళతారా?” అని జోసీ అడిగింది.

“చూసుకుంటున్నానని రుజువు చేస్తా.”

“ఎట్లా?”

లొరేన్ పళ్ళెం జోసీ ముందుకి జరిపింది. “బీన్స్ తిను,” అంది.

విచారణ బడి గ్రంథాలయంలో జరిగింది. ఆ పూట ఖాళీగా ఉన్నది చిన్నపిల్లల మూలే. అందరూ అడుగున్నర ఎత్తు కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నారు. ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ విన్‌స్లో, హాజరు అధికారి డ్యూరెల్, ఒక మూల డోనట్ల పళ్ళేన్ని కావలించుకుని జెరార్డ్.

“మిసెస్ తిబడో, మీరు తల్లిగా వచ్చారా, డ్రైవరుగా వచ్చారా?” డ్యూరెల్ అడిగాడు.

“బస్సులో వచ్చాను.”

“అది కాదండీ. తల్లి మాటకి పక్షపాతం ఉంటుంది. డ్రైవరు మాట సాక్ష్యం. రెండూ కలిపేస్తే కాగితం పాడవుతుంది. అందుకని ఎర్ర కుర్చీ తల్లికి, నీలం కుర్చీ డ్రైవరుకి. ముందు నీలం దాంట్లో కూర్చోండి. సెప్టెంబరు పదహారున మీ బస్సు తిబడో వాళ్ళింటి ముందు ఆగిందా?”

“ఆగింది.”

“పిల్లలు ఎక్కారా?”

“లేదు.”

“ఇటు రండి. తల్లిగా చెప్పండి, ఎందుకు ఎక్కించలేదు?”

“ఎక్కించాల్సినదాన్ని బస్సులో ఉన్నానుగా.”

“ఆ మాట నీలం కుర్చీలో చెప్పాలండీ.”

ఆరుసార్లు లేచి ఆరుసార్లు కూర్చున్నాక లొరేన్ మోకాలే పటుక్కుమంది. “నాకూ సెలవు గడి వెతకండి,” అంది. జెరార్డ్ ఫక్కుమన్నాడు. మిసెస్ విన్‌స్లో చూసిన చూపుకి నవ్వుని డోనట్‌తో సహా మింగేశాడు.

“మా పిల్లలకి జబ్బు,” అంది లొరేన్, ఎర్ర కుర్చీలోంచి. “డాక్టరు ఉత్తరాలు మీ బల్ల మీదే ఉన్నాయి.”

“ఆ డాక్టరు మా జాబితాలో లేరు.” మిసెస్ విన్‌స్లో గొంతులో కాఠిన్యం లేదు. అదే ఇంకా చిరాకు తెప్పించింది. “నాకు సానుభూతి ఉంది లొరేన్. కాని మాకు బడి అంగీకరించిన రికార్డు ఏదైనా కావాలి.”

“అది మా దగ్గరే ఉంది,” అంటూ డ్యూరెల్ లాగ్ పుస్తకం తెరిచాడు. “నలభై ఒక్క రోజులు, ‘ఎక్కలేదు’. అన్నీ డ్రైవరు స్వహస్తంతో రాసి సంతకం పెట్టినవి. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.”

తన దస్తూరీ తన మీదే సాక్ష్యం చెబుతుంటే లొరేన్ మెడ సాచి ఆ పేజీ చివరిదాకా చూసింది. తర్వాత లేచి, ఎవరూ చెప్పకుండానే నీలం కుర్చీలోకి మారింది.

“డ్రైవరుగా ఒక మాట. మీరు సగం గడే చదివారు. పక్క గడి కూడా చదవండి.”

“రిమార్కులా? అవి అవసరం లేదు.”

“అవసరం లేనివాటిని ఖాళీగా వదిలితే పీక ఎందుకు పట్టుకుంటారు మరి? చదవండి.”

డ్యూరెల్ కళ్ళజోడు సవరించుకున్నాడు. సంత పట్టీ చదివినట్టు మొదలుపెట్టాడు.

“సెప్టెంబరు పదహారు. జోసీ ఆరు. ఎమెరీ తొమ్మిది, ఎడమ మోకాలు రొట్టెలా పొంగింది. పదిహేడు. జోసీ ఎనిమిది, తల. ఎమెరీ ఎనిమిది, ఎక్కడో చెప్పలేకపోయాడు.” పేజీ తిప్పాడు. “అక్టోబరు మూడు. ఎమెరీ కిటికీ దగ్గరికి రాలేదు. మెమే వచ్చి పది చూపించింది. నవంబరు ఆరు. జోసీ మూడే! ఎక్కేటట్టుంది. ఒక బూటు తొడుక్కుంది. నలభయ్యో సెకనుకి మెట్టు మీద కూర్చుండిపోయింది.”

ఇంకో రెండు పేజీలు తిప్పాడు. జనవరి ఇరవై ఆయన పైకి చదవలేదు. పుస్తకాన్ని మిసెస్ విన్‌స్లో వైపు తిప్పాడు. అందులో ఇలా ఉంది: జోసీ వేళ్ళు చూపించలేదు. చేతులు లేవలేదనుకుంటా. హారన్ రెండోసారి కొట్టాను, నిబంధన తప్పాను.

“ఇది తల్లి రాసింది,” అన్నాడు డ్యూరెల్.

“కాదు, డ్రైవరు రాసింది. మీరే అన్నారు, గట్టి సాక్ష్యమని.” లొరేన్ వేలు పేజీ అడుగున ఉన్న ముద్ర మీద ఆగింది. ‘చదివి, సరిచూడడమైనది. జి. ప్లూర్డ్.’ ప్రతి నెలా ఒకటి.

మూడు తలలూ జెరార్డ్ వైపు తిరిగాయి.

“మీరు ఇవన్నీ చదివారా?” మిసెస్ విన్‌స్లో అడిగింది.

జెరార్డ్ జన్మలో ఒక్క రిమార్కు చదివినవాడు కాదు. చదవలేదంటే ముప్ఫై ఏళ్ళ ముద్రలన్నీ అబద్ధమవుతాయి. చదివానంటే ఆ పిల్లలకి నలభై ఒక్క రోజులు జబ్బని బడే ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన చేతిలోని డోనట్ చిల్లులోంచి కాసేపు ప్రపంచాన్ని చూశాడు.

“చదివాను,” అన్నాడు. “సరిచూశాను. పిల్లలకి ఒంట్లో బాగాలేదు.”

లోకంలో నిజం ఎన్నోసార్లు ధైర్యవంతుల నోట పలికీ ఓడిపోయింది. ఆ పూట ఒక పిరికివాడి నోట పలికి నెగ్గింది.

తీర్పు రాయడానికి వాళ్ళకి గంట పట్టింది. లైమ్ అనే మాట రాయడానికి డ్యూరెల్ ఒప్పుకోలేదు. ‘బస్సు లాగ్‌లో నమోదైన అస్వస్థత’ అని రాశారు. వ్యవహారం సంరక్షణ శాఖకి వెళ్ళదు. వారానికి మూడు రోజులు పంతులమ్మ ఇంటికి వస్తుంది, మిగతా రెండు రోజులు చేతనైతే సగం పూట బడి. అయితే హాజరు వెయ్యడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి కాబట్టి, ఆ రెండు రోజుల్లో పిల్లలు బస్సు ఎక్కితే చాలు, వచ్చినట్టే లెక్క. క్లాసులో కూర్చోలేకపోతే అదే బస్సులో తిరిగి వెళ్ళవచ్చు.

“అంటే మా పిల్లలు బస్సులో నిద్రపోయినా హాజరేనా?” లొరేన్ అడిగింది.

“ఎక్కడం ముఖ్యం,” అన్నాడు డ్యూరెల్, పూర్తి గాంభీర్యంతో.

సోమవారం ఆరూ యాభై రెండుకి ఎర్ర దీపాలు వెలిగాయి. హారన్ ఒక్కసారి మోగింది. వెనక లెక్క మొదలైంది. పదిహేనో సెకనుకి ఇంటి తలుపు తెరుచుకుంది. జోసీ దుప్పటి భుజాల మీద కప్పుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, బస్సెక్కి, ముందు సీట్లో వాలిపోయింది. “అయిదు,” అంది కళ్ళు మూసుకునే.

ఎమెరీ మెట్లన్నీ కూర్చునే దిగుతున్నాడు. ఒక మెట్టు, కాసేపు ఆగడం, ఇంకో మెట్టు. గుమ్మంలో మెమే మేరీమాతనీ బడినీ కలిపి ఫ్రెంచిలో తిడుతోంది. నలభై దాటింది. అతను నాలుగో మెట్టు మీద ఉన్నాడు. అరవై దాటితే తలుపు మూసెయ్యాలి, ‘ఎక్కలేదు’ అని రాయాలి. లొరేన్ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. ముప్ఫై నాలుగు జతల కళ్ళు చూస్తున్నాయి. ఇంటికెళ్ళి చెప్పే నోళ్ళు కూడా ముప్ఫై నాలుగే.

“యాభై ఎనిమిది,” అన్నారు అందరూ. “యాభై తొమ్మిది...”

అరవై అనబోయిన వెనక సీటు వాణ్ణి టిల్లీ మోచేత్తో పొడిచింది.

“యాభై తొమ్మిదీ పావు,” అంది గట్టిగా. “యాభై తొమ్మిదిన్నర... యాభై తొమ్మిదీ ముప్పావు...”

బస్సంతా అందుకుంది. ముప్పావు తర్వాత ఏం అనాలో టిల్లీకి తెలియలేదు, మళ్ళీ పావు నుంచి మొదలుపెట్టింది. అలా నాలుగు నిమిషాలు ఆ బస్సులో అరవై రాలేదు.

ఎమెరీ ఎక్కాక లొరేన్ తలుపు మూసి, లాగ్ తెరిచి రాసింది: విద్యార్థులు ఇద్దరు, ఎక్కారు. ఆలస్యం నాలుగు నిమిషాలు. రిమార్కులు: మెట్లు ఎనిమిది.