హైమ ఆంటీ చెప్పిన షికాగో

షికాగోలో నది వెనక్కి పారుతుందని మా అనన్యకు చెప్పింది హైమ ఆంటీ. అప్పటికి ఆవిడా ఆ ఊరు చూడలేదు.

ఇంగ్లండులో మేముండే మిల్టన్ కీన్స్‌లో మా పిల్లలకు శనివారాలు తెలుగు నేర్పేది ఆవిడే. మిగతా వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసు. ఈ వేసవిలో పిల్లల్ని షికాగోలో తెలుగు శిబిరానికి తీసుకెళదామని పట్టుబట్టింది. ఆవిడ అక్క రత్నకుమారి ఉండేది అక్కడే. తల్లి పోయాక హైమను పెంచింది ఆ అక్కే. పెళ్ళి చేసుకోని హైమకు తన మనిషంటూ ఉంటే ఆ అక్కే. చూసుకుని ఎన్నో ఏళ్ళయింది. ప్రతి ఏడూ "వచ్చే వేసవికి" అనుకోవడమే.

క్లాసులో ఫోను స్పీకరులో పెడితే అక్క కబుర్లు మొదలుపెట్టేది.

"ఊరి మురుగు సరస్సులో కలుస్తోందని నదినే వెనక్కి తిప్పేశారర్రా! ఆ సరస్సుకి అవతలి ఒడ్డు కనపడదు. సముద్రమనుకుంటారు, నోట్లో పోసుకుంటే ఉప్పే ఉండదు. మార్చిలో ఓ పండక్కి నదికి పచ్చరంగు కలుపుతారు."

"షి ఈజ్ మేకింగ్ ఇట్ అప్!" అని పిల్లలు గోల.

"వచ్చి చూడండి. అబద్ధమైతే నా చెవి మెలిపెట్టండి."

తలా ఒక విశేషం తెలుగులో నేర్చుకుని, దిగగానే రత్నకుమారి పెద్దమ్మకు అప్పజెప్పాలని హైమ ఆంటీ ఆజ్ఞ. అనన్యకు నది వచ్చింది.

ప్రయాణం దగ్గరపడ్డాక అక్క ఫోను ఆవిడ కొడుకు నిఖిల్ ఎత్తసాగాడు. "అమ్మకి గొంతు పోయింది పిన్నీ. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. వస్తున్నావుగా" అన్నాడు. హైమ ఆంటీ నమ్మింది. శొంఠి, మిరియాలు వేయించి, పొడి కొట్టి సీసాకెత్తింది. "చిన్నప్పట్నుంచీ అక్కకిదే పడుద్దమ్మా" అంది నాతో.

మనవాళ్ళకో పాడు అలవాటుంది. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు చావుకబురు చెప్పరు. పైగా అదే ప్రేమంటారు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పిల్లలకు తోడుగా నేనూ వెళ్ళాను. షికాగో విమానాశ్రయంలో నిఖిల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, నున్నటి గుండుతో. హైమ ఆంటీ నవ్వుతూ ఎదురెళ్ళింది.

"తిరుపతి ఎప్పుడెళ్ళొచ్చావురా? చెప్పనేలేదు!"

అతను తల వంచుకున్నాడు. నిమరబోయిన ఆవిడ చెయ్యి గుండు మీదే ఆగిపోయింది.

"చెబితే అంతసేపు విమానంలో ఎలా కూర్చుంటావని... పెద్దకర్మ కూడా అయిపోయింది పిన్నీ."

ఆవిడ ఏడుస్తుందేమోనని పట్టుకోబోయాను. ఏడవలేదు. వెనక అనన్య నేర్చుకున్న వాక్యాన్ని గొణుక్కుంటూ చుట్టూ వెతుకుతోంది.

"వేర్ ఈజ్ పెద్దమ్మ?"

హైమ ఆంటీ సంచిలోంచి పొడి సీసా తీసి నిఖిల్‌కు చూపించింది.

"గొంతు పోయిందన్నావు కదరా. ఇప్పుడిది ఎవరికివ్వను?"