ఎక్స్‌రేకి ముందు సన్మానం

ఆ రోజుల్లో నాకు ఓపిక తప్ప అన్నీ ఉండేవి. సన్నని నడుము, పెద్ద జడ, హైదరాబాదులో రిసెర్చి సీటు, నా అంత తెలివైనది లోకంలో ఇంకొకత్తె లేదన్న గట్టి నమ్మకం. (నడుమూ జడా వాటంతటవే పోయాయి. నమ్మకం పోయిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.)

మాది అల్లవరం దగ్గర పల్లె. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పెదనాన్నగారికి రొయ్యల చెరువులు. ఒక ఏడాది ఆయన చెరువులో రొయ్యల పెంకుల మీద నల్లమచ్చలు వచ్చాయి. సెలవులకి వెళ్ళిన నేను మచ్చలున్న రొయ్యనొకదాన్ని సీసాలో వేసుకుని లాబుకి పట్టుకుపోయాను. ఆ మచ్చలోని బాక్టీరియా ఒక ఎంజైమును తయారుచేసి, దాంతో పెంకును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ఆ ఎంజైము ఆకారం కనిపెట్టడమే నా పీహెచ్‌డీ. "ఆకారం తెలిస్తే దాని నోరెక్కడుందో తెలుస్తుందండి. నోరు తెలిస్తే కట్టెయ్యొచ్చండి" అని పెదనాన్నగారికి చెప్పాను. "ఆయ్, అయితే తొందరగా కానీ అమ్మడూ! ఈలోగా నా చెరువంతా మేసేస్తంది" అన్నారాయన.

తొందరగా అయ్యే పనా అది! ఎంజైము మామూలు మైక్రోస్కోపుకి అందనంత చిన్నది. దాన్ని శుద్ధి చేసి, ఒక బొట్టు ద్రావణంలో ఉంచి, కోట్లాది ఎంజైములు ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలు కట్టి స్ఫటికమయ్యేదాకా కాచుకు కూర్చోవాలి. ఆ స్ఫటికం మీద ఎక్స్‌రే పంపితే అవతల చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని బట్టి లెక్కలు కట్టి ఆకారం తేల్చాలి. ఏడాదిన్నరపాటు నా బొట్లలో బూజూ, దుమ్మూ, ఒకసారి నా వెంట్రుకా తప్ప ఏమీ కనపడలేదు.

ఒక గురువారం పొద్దున చూద్దును కదా, పటికబెల్లం ముక్కల్లా తళతళా మెరుస్తూ స్ఫటికాలు! లాబులో నా సీనియరు ఒకావిడ ఉండేది. కనపడ్డ ప్రతిదాన్నీ సూదితో గుచ్చి చూసే అలవాటువల్ల సూదక్క అనేవాళ్ళం. "గుచ్చి చూడవే. ప్రోటీనైతే మెత్తగ చితుకుతది, ఉప్పైతే కటుక్కుమంటది" అంది. పుట్టిన బిడ్డని ఎవరైనా సూదితో గుచ్చి చూస్తారా అని ఆవిడ మీద మండిపడ్డాను. మా గైడుగారు వచ్చి చూసి, "శనివారం ఎక్స్‌రే తీద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి" అన్నారు. సరేనని కారిడార్లోకి పరుగెత్తి నాన్నగారికి ఫోను చేశాను. (ఇంట్లోవాళ్ళకి చెప్పడం చెప్పడం కిందకి రాదు కదా.)

నాన్నగారు అమ్మకి చెప్పారు. అమ్మ పాస్టరమ్మగారికి చెప్పింది. ఆ తర్వాత ఎవరు ఎవరికి చెప్పారో గాని, శుక్రవారం పెదనాన్నగారు ఫోను చేసి, "ఆదివారం ఆరాధన అయిపోయేక నీకు సన్మానం అమ్మడూ. షామియానా కూడా చెప్పేసేం" అన్నారు. స్ఫటికాల్ని సూదక్కకి అప్పగించి శనివారం బయల్దేరాను.

ఆదివారం పొద్దున్నే రావులపాలెంలో బస్సు దిగి, అమలాపురం బస్సు కోసం నిలబడ్డాను. ఫోను మోగింది.

"కూర్చున్నవా?" అంది సూదక్క.

"అరటి గెలల మధ్య నిలబడ్డానక్కా."

"ఉప్పే."

ఎంజైము స్ఫటికమైతే ముగ్గుచుక్కల్లా వందలకొద్దీ చుక్కలు దగ్గర దగ్గరగా పడాలి. నాదానికి ఎక్కడో ఒకటి, ఇంకెక్కడో ఒకటి పడ్డాయట. ద్రావణంలో నా చేతుల్తో నేనే కలిపిన ఉప్పు, మళ్ళీ ముక్కలు కట్టి నాకే కనపడింది.

ఊరి మలుపులో ఫ్లెక్సీ. 'రొయ్యల రోగాన్ని జయించిన మా ఊరి ఆణిముత్యం.' హాల్‌టికెట్టు మీది నా ఫొటో, పక్కన ఒక రొయ్య. ఇద్దరిలో రొయ్యే బాగుంది. ఇస్త్రీ చొక్కాలో కుర్చీలు సర్దిస్తున్న నాన్నగారి దగ్గరికి వెళ్ళి, "నాన్నగారండీ, ఒక్క మాటండి" అన్నాను. "మైకులో చెబుదువుగానమ్మా!" అంటూ అవతలికి వెళ్ళిపోయారు.

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేద్దామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడు ముందు వరసలోంచి ఒక చెరువు రైతు లేచి, "మందు ఎప్పుడొస్తదమ్మా? మా చెరువులోనూ మచ్చలొచ్చేయి" అన్నాడు. ఆ మనిషి మొహం చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు.

"మందు లేదండి. నాకొచ్చింది ఎంజైము కాదండి, ఉప్పండి."

మైకు కుయ్యిమంది.

"ఉప్పా?" అన్నారు పెదనాన్నగారు.

"ఆయ్, ఉప్పేనండి."

"ఉప్పు కోసం హైదరాబాదు దాకా ఎందుకమ్మా? మన సముద్రం ఇక్కడే ఉంది గదా!"

షామియానా అంతా గొల్లుమంది. పాస్టరుగారు లేచి, "చేసిన స్తుతి వెనక్కి తీసుకోలేమమ్మా. ముందుగా చేసేసేం అనుకుందాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వనిది నాన్నగారొక్కరే.

సాయంత్రం అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, "ఎక్స్‌రే తియ్యకుండా ఫోనెందుకు చేసేవమ్మా?" అన్నారు.

"ఆగలేకపోయేనండి."

"నేనూ ఆగలేకపోయేనులే" అన్నారాయన. తర్వాత కాగితం పెన్నూ తెచ్చి, "ఆ చుక్కల లెక్కేదో చెప్పు" అన్నారు. అమ్మ అన్నానికి మూడుసార్లు పిలిచింది.

తొమ్మిది నెలలకి అసలు స్ఫటికాలు వచ్చాయి. వంకర టింకరగా, బక్కగా, చూడ్డానికి ఏమీ బాగాలేవు. ఒకదాన్ని గుచ్చితే మెత్తగా చితికిపోయింది. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏడవలేదు. చుక్కలు కళ్ళారా చూశాకే ఇంటికి ఫోను చేశాను.

"ఎక్స్‌రే తీసేరా?" అన్నారు నాన్నగారు.

"తీసేరండి."

"అయితే మీ అమ్మకి చెప్పొచ్చా?"

ఎంజైము నోరెక్కడుందో తెలిసింది. దాన్ని కట్టే మందు మాత్రం ఇంకా రాలేదు. పెదనాన్నగారు ఈలోగా చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, రొయ్యపిల్లల్ని పలచగా వదిలి మచ్చలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి నాకు చెప్పడానికి మొహమాటపడ్డారని తర్వాత అమ్మ చెప్పింది.

ఇప్పుడు నేనే గైడుని. పిల్లలు 'మేడమ్, స్ఫటికం!' అని పరుగెత్తుకొస్తే, 'శనివారం దాకా ఆగండి' అని గంభీరంగా అంటాను. రుజువైన స్ఫటికాలు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో దేన్ని చూసీ నేను కారిడార్లోకి పరుగెత్తలేదు. ఆ గురువారం పరుగెత్తిన పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక, కొంచెం అసూయగా కూడా ఉంటుంది.